సర్టిఫికెట్లు నా పేరున ఉన్నాయి, పని మాత్రం రాదు

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. వయసు 52. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పాతికేళ్లకు పైగా పనిచేస్తున్నారు. రెండేళ్ల క్రితం వాళ్ల ఆఫీసులో ఆన్‌లైన్ శిక్షణ మొదలైంది. ఎవరైనా సరే నెలకు ఇన్ని గంటల పాఠాలు పూర్తి చేయాల్సిందే. ఎవరు ఎన్ని గంటలు చేశారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తుంది. మొదట్లో ఈమె శ్రద్ధగానే విన్నారు. నెలాఖరు లెక్కల ఒత్తిడిలో కుదరక, రానురాను వీడియోను మ్యూట్‌లో పెట్టి పక్కన తన పని తాను చేసుకోవడం అలవాటైంది. క్విజ్‌లో జవాబు తప్పయితే మళ్లీ ప్రయత్నించవచ్చు కాబట్టి సరైనది తగిలేదాకా నొక్కుతూ పోయారు. సర్టిఫికెట్లు వచ్చాయి, జాబితాలో పేరు పైకి వెళ్లింది. ఒక మీటింగులో మేనేజర్ ఈమెను లేపి నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. అక్కడితో ఆగితే బాగుండేది. వచ్చే నెల కొత్తగా చేరినవాళ్లకు డేటా విశ్లేషణ మీద కొన్ని తరగతులు తీసుకోమన్నారు. అందరి ముందూ కాదనలేక సరే అన్నారు. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదట.

ఇంకా ఉంది. కొన్నాళ్లుగా రిపోర్టులన్నీ ఏఐ చాట్‌బాట్‌ను అడిగి చేస్తున్నారు. ఫైలు అందులో పెట్టి, అది ఇచ్చిన ఫార్ములాను తెచ్చి అతికిస్తారు. ఎందుకు పనిచేస్తుందో తెలియదు. తన కింద పనిచేసే కుర్రాడు ఇదివరకు ప్రతిదానికీ "మేడం, ఇది ఇలా ఎందుకొచ్చింది?" అని వచ్చేవాడు. ఇప్పుడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంట్లో కూతుర్ని అడిగితే లాప్‌టాప్ లాక్కుని నిమిషంలో చేసేసి "ఇంతేనమ్మా, చూశావుగా" అంటుంది. భర్త "రిటైర్మెంట్‌కి ఇంకెన్నేళ్లుందని ఈ తంటా, వదిలెయ్" అంటారు. చివర మూడు ప్రశ్నలు: నేను మోసం చేశానా? ఈ వయసులో నిజంగా నేర్చుకోగలనా? ఆ తరగతుల నుంచి పరువు పోకుండా బయటపడేదెలా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలే గానీ, ఉత్తరంలో అన్నిటికంటే పొడుగ్గా రాసింది ఆ కుర్రాడి గురించి. దానికి తర్వాత వస్తాను. ముందు మోసం అన్న మాట సంగతి చూద్దాం.

గంటల విషయంలో మీ తప్పు ఉంది. మీరనుకుంటున్నంత పెద్దది మాత్రం కాదు. ఆ పద్ధతి లెక్కపెట్టింది వీడియో ఎంతసేపు నడిచిందని. మీరు నడిపించారు. నేర్చుకున్నారా అని అది అడగలేదు, మీరూ చెప్పలేదు. గంటలు లెక్కపెట్టే చోట మనుషులు గంటలే ఇస్తారు. ఆ జాబితా పెట్టినవాళ్లు కూడా ఒకసారి ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది. పాఠం చెబుతానని ఒప్పుకోవడం అలాంటిది కాదు. మీ మాట నమ్మి, మీరు చెప్పినట్టు పనిచేసే కొత్తవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. వాళ్ల లెక్కల్లో తప్పు దొర్లితే దాని మూలం మీ దగ్గర ఉంటుంది. అయితే ఆ తప్పు ఇంకా జరగలేదు, ఒక నెల టైముంది.

ఆన్‌లైన్ చదువులో దారి తప్పింది మీరొక్కరే అనుకోకండి. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కృత్రిమ మేధ కోర్సు ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడితే లక్షా 60 వేల మంది దాకా పేర్లు నమోదు చేసుకున్నారు. మరుసటి ఏడాదే ఆన్‌లైన్ కోర్సులు అందించే కోర్సెరా, ఎడెక్స్ వచ్చాయి. ఇక మంచి చదువు అందరికీ అందినట్టే అని అప్పట్లో చాలామంది నమ్మారు. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్‌లో పెట్టిన కోర్సుల లెక్కలు తీసి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగం మందికి పైగా కోర్సు తెరిచి కూడా చూడలేదు. 2017-18లో చివరిదాకా వెళ్లినవాళ్లు నూటికి ముగ్గురు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో మాత్రం సగానికి కాస్త తక్కువ మంది పూర్తి చేశారు. పాఠం ఇంటికి రావడాన్ని టెక్నాలజీ నిజంగానే చాలా తేలిక చేసింది. అది బుర్రలోకి ఎక్కడానికి పడాల్సిన శ్రమ ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇప్పుడు మీకు కాస్త ఊరటనిచ్చే సంగతి. మ్యూట్ తీసి, ప్రతి వీడియో శ్రద్ధగా చూసినా ఈ రోజు మీ పరిస్థితి పెద్ద తేడాగా ఉండేది కాదు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2018లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. డార్ట్ విసిరే వీడియోను కొందరికి ఒకసారి, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్లు తాము బాగా విసరగలమని గట్టిగా నమ్మారు. తీరా విసిరితే ఒకసారి చూసినవాళ్లకంటే ఏమీ మెరుగ్గా లేరు. చూసేకొద్దీ పెరిగింది నమ్మకం ఒక్కటే. మీ ఆఫీసులో సౌండ్ పెట్టి మరీ విన్నవాళ్లలో కొందరు ఇలాంటి నమ్మకంతోనే తిరుగుతూ ఉండవచ్చు. మీకు కనీసం రాదన్న సంగతి తెలుసు. మొదలుపెట్టడానికి అది మంచి చోటు.

ఇక తరగతుల సంగతి. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఆ వారం సెలవు పెట్టేయాలన్న ఆలోచన మీ ఉత్తరంలో తొంగిచూసింది. పెట్టవచ్చు. తరగతులు రద్దు కావు, వాయిదా పడతాయి. జాబితాలో మీ పేరు పైనే ఉంటుంది, రెండు నెలల తర్వాత మళ్లీ అడుగుతారు. ఈసారి కాదనడం ఇంకా కష్టం.

రెండోది, ఈ నెలలో ఎలాగోలా నేర్చేసుకుని తరగతులన్నీ ఒంటరిగా తీసుకోవడం. అసాధ్యమని అనను. డేటా విశ్లేషణ అనే పెద్ద పేరు పక్కన పెట్టి, ఒక ఫైలు, దాని మీద చేసే నాలుగైదు పనులు అని కుదిస్తే చేయవచ్చు. కానీ ఈ నెలలోనూ నెలాఖరు ఉంటుంది, మీ పని మీకు ఉంటుంది. ఇప్పటికే నిద్ర లేదంటున్నారు. ఎవరైనా పాఠం బయటి ప్రశ్న వేస్తే "చూసి రేపు చెబుతాను" అనగలిగే ధైర్యం ఉంటేనే ఈ దారి పట్టండి. ఆ మాట అనలేననుకుంటే వద్దు.

మూడోది మేనేజర్‌తో విడిగా మాట్లాడటం. మ్యూట్‌లో పెట్టిన ప్రతి వీడియో చిట్టా విప్పక్కర్లేదు. "సర్టిఫికెట్లు ఉన్నాయి సార్, కానీ చేత్తో చేసిన అనుభవం సరిపోదు. నేనొక్కదాన్నే కొత్తవాళ్లకు చెప్పే స్థాయిలో లేను" అంటే చాలు. ఆయన ఇంకా లోతుగా అడిగితే మాత్రం దాచకండి, అప్పుడు దాస్తే నిజంగానే మోసం అవుతుంది. దీనివల్ల కొంత పరువు పోవచ్చు. చప్పట్లు కొట్టించిన మనిషికి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఆయన ముఖం మాడ్చుకోవచ్చు కూడా. మీ మేనేజర్ ఎలాంటివారో నాకంటే మీకు తెలుసు. పదిమందిలో ఎత్తిపొడిచే రకమైతే వట్టి చేతులతో వెళ్లకండి, పట్టుకెళ్లడానికి నాలుగో దారి ఉంది.

ఆ నాలుగోది తరగతుల ఆకారం మార్చడం. ఫార్ములాలు, పివట్ టేబుళ్లు (పెద్ద జాబితాను కుదించి మొత్తాలు చూపే పట్టికలు), చార్టులు ఆ కుర్రాడు చెబుతాడు. ఏ అంకెను నమ్మాలి, దేన్ని అనుమానించాలి అన్నది మీరు చెబుతారు. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కితే ఎలా కనిపిస్తుంది, ఈ నెల ఖర్చు వచ్చే నెలలో పడితే లాభం ఎలా మారిపోతుంది, మనకు డబ్బు ఇవ్వాల్సిన పార్టీ ఖాతాలో మనమే బాకీ ఉన్నట్టు క్రెడిట్ బ్యాలెన్స్ ఎందుకుంది, ఇవి ఏ వీడియోలోనూ మీ ఆఫీసు లెక్కలతో దొరకవు. మీకు కంఠతా వచ్చు. ఈ దారిలోనూ ఖరీదు ఉంది. కుర్రాడు ఒప్పుకోవాలి, అతని పేరు మీ పేరు పక్కన సమానంగా పడాలి, మీకు రానిది అతని కళ్లముందు బయటపడుతుంది. చివరిది మీకు అన్నిటికంటే కష్టమని ఊహిస్తున్నాను. అయినా నన్నడిగితే నా మొగ్గు ఇటే. అతనికి ఇష్టం లేకపోతే మూడో దారికి వెళ్లండి, బలవంతం చేసి మీ పని అతని నెత్తిన పడేస్తే ఇంకో చిక్కు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. ఆఫీసు ఫైలు చాట్‌బాట్‌లో పెడుతున్నారా? అది సంస్థ ఇచ్చిన సాధనమా, మీ సొంత ఖాతానా? 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని బయటపడి, ఇలాంటి సాధనాల వాడకాన్నే ఆ సంస్థ కట్టడి చేసింది. జీతాలు, పార్టీల పేర్లు, బ్యాంకు వివరాలు ఉన్న షీట్లు బయటి సాధనంలో పెట్టడానికి మీ సంస్థ నియమాలు ఒప్పుకుంటాయో లేదో ఈ వారంలోనే కనుక్కోండి. తెలిసేదాకా పెట్టకండి. కావాలంటే పేర్లు, అంకెలు మార్చిన పది వరుసల ఉత్తుత్తి షీటు చేసుకుని అడగండి, ఫార్ములాకు అది సరిపోతుంది. గంటల కథ బయటపడితే సిగ్గుపడతారు, అంతే. ఇది బయటపడితే ఉద్యోగం మీదికే రావచ్చు.

చాట్‌బాట్ వాడటం తప్పని నేననడం లేదు. ఎలా వాడుతున్నామన్నదే తేడా. తుర్కియేలో హైస్కూలు పిల్లలు వెయ్యి మంది దాకా పాల్గొన్న ఒక లెక్కల ప్రయోగం ఉంది. సాధన చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ చేతికిస్తే, అది లేనివాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలెప్పుడూ వాడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. ఇంకో గుంపుకి ఇచ్చిన చాట్‌బాట్ జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తయారుచేసింది. ఆ గుంపు పరీక్షలో అలా వెనకబడలేదు. మీరు చేస్తున్నది మొదటి గుంపు పని. "ఫార్ములా ఇవ్వు" అని అడిగే బదులు ముందు మీకు తోచింది రాసి "ఇందులో ఎక్కడ తప్పుంది, జవాబు చెప్పకుండా సూచన ఇవ్వు" అనండి. నిదానంగా సాగుతుంది, చిరాకు కూడా వేస్తుంది.

అర్థం కాని ఫార్ములా అతికించడంలో ఇంకో ప్రమాదం ఉంది, అకౌంట్స్ మనిషిగా మీకు వెంటనే తెలుస్తుంది. ఎక్సెల్‌లో జాబితాలో ఒక పేరు వెతికి దాని పక్కనున్న అంకె తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాకు చివర నాలుగో భాగం ఒకటుంటుంది. అది రాయకుండా వదిలేస్తే, సరిగ్గా అదే పేరు వెతకడం మానేసి దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి పెడుతుంది. చాలాసార్లు ఎర్రర్ కూడా చూపించదు. చూడటానికి చక్కగా ఉండే తప్పు అంకె వస్తుంది. అలాగే సెల్‌లో అంకె టెక్స్ట్‌గా పడి ఉంటే సమ్ ఫార్ములా దాన్ని కూడకుండా వదిలేస్తుంది, మొత్తం తగ్గుతుంది, ఆ మొత్తం దగ్గర ఎర్రర్ అని రాదు. ఇలాంటివి పట్టేది చివరి మొత్తాన్ని చూడగానే "ఇంత రాకూడదే" అనిపించే కన్ను. ఆ కన్ను మీకుంది. ఇన్నాళ్లూ అతికించిన ఫార్ములాల్లో తరచూ వాడేవి రెండు మూడు తీసి, మీరు చేత్తో వేయగలిగే చిన్న లెక్క మీద పరీక్షించండి. ఏదైనా పాత రిపోర్టులో తప్పు దొరికితే ఇప్పుడే చెప్పడం మేలు. ఆడిట్‌లో ఎవరో పట్టుకునేదాకా ఆగకండి.

వయసు ప్రశ్నకు జవాబు చిన్నదే. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల క్రితమే తెలివిని రెండుగా విడదీసి చెప్పాడు. కొత్త చిక్కును చకచకా విప్పేది ఒకటి, అనుభవంతో పోగయ్యేది ఇంకొకటి. మొదటిది యౌవనం దాటాక మెల్లగా తగ్గుతుంది. రెండోది చాలా ఏళ్లు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి మీ కూతురు నిమిషంలో చేసింది మీకు పది నిమిషాలు పట్టవచ్చు, అది నిజమే. నేర్చుకోలేకపోవడం, నెమ్మదిగా నేర్చుకోవడం మాత్రం ఒకటి కాదు. పైగా కష్టంగా అనిపించడాన్ని వయసు ఖాతాలో వేసేయకండి. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో ఒక పోలిక చేశారు. చక్కటి ఉపన్యాసం విన్న విద్యార్థులు బాగా నేర్చుకున్నామని చెప్పారు. తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు అంతగా రాలేదన్నారు. పరీక్ష పెడితే ఎక్కువ నేర్చుకున్నది కుస్తీ పట్టినవాళ్లే. వాళ్లు కాలేజీ పిల్లలు, గుర్తుంచుకోండి.

ఎలా మొదలుపెట్టాలో కూడా చెబుతాను. కొత్త కోర్సులో చేరకండి. మూసేసిన పాత నెల ఫైలు ఒకటి తీసుకోండి, దాని జవాబులు మీకు ముందే తెలుసు. ఒక చిన్న వీడియో చూసి మూసేసి, ఖాళీ షీటులో అదే పనిని గుర్తు తెచ్చుకుని చేయండి. ఆగిపోయినచోట ఇంకాసేపు అక్కడే ఉండండి, వెంటనే వీడియో తెరవకండి. అదే పనిని రెండు రోజుల తర్వాత, మళ్లీ వారానికి చేయండి. 2006లో వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించింది ఇదే. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. ఇలా చేస్తే మీ గంటల లెక్క పెద్దగా పెరగదు, జాబితాలో పేరు కిందికి దిగుతుంది. దిగనివ్వండి.

ఇప్పుడు ఆ కుర్రాడు. మీ బాధలో పెద్ద భాగం ఇదేనని నాకనిపించింది. ఉన్నమాట చెబుతాను, అతను వచ్చి అడిగినవాటిలో కొన్ని మీరు తప్ప వేరే దిక్కు లేక అడిగినవి. ఏ మీట నొక్కాలి, ఏ ఫారం నింపాలి లాంటివి. అవి ఇక తిరిగి రావు, రావాల్సిన పని కూడా లేదు. కానీ "ఇలా ఎందుకొచ్చింది?" అనే ప్రశ్న ఫోన్‌కు పూర్తిగా పోలేదు. అడగడమే ఆగిపోయింది. ఇదివరకు చిన్న సందేహంతో మీ టేబుల్ దగ్గరికి వస్తే, మాటల్లో పడి అతను అడగని సంగతులు కూడా మీరు చెప్పేవారు. ఫోన్ అడిగినదానికే జవాబిస్తుంది. ఏం అడగాలో తెలియనివాడికి అది పెద్ద లోటు, అతనికి ఆ లోటు ఉన్నట్టే తెలియదు. అతను వస్తాడని ఎదురుచూడకండి. వారానికోసారి అతని రిపోర్టు తీసి "ఈ అంకె నీకు సరిగ్గానే అనిపించిందా?" అని మీరే అడగండి. అలాగే కూర్చోబెట్టి అందులోని పివట్ టేబుల్ ఎలా చేశాడో చూపించమనండి. మొదట్లో మీ ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. అతనికి ఆసక్తి లేదని తేలితే అదీ తెలుస్తుంది, అప్పుడు ఇంకెవరైనా కొత్తవాళ్లను చూసుకోవచ్చు.

మీవారి మాటకు వస్తే, ఆయన మీ మీద జాలితో అన్నారో, మీ టెన్షన్ భరించలేక అన్నారో ఉత్తరంలో తెలియలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రిపోర్టుల కింద పడేది మీ సంతకం కాబట్టి, వదిలెయ్ అన్నది కుదిరే సలహా కాదు.

అమ్మాయితో మాత్రం ఒక ఒప్పందం చేసుకోండి. మౌస్ మీ చేతిలోనే ఉండాలి. తను లాప్‌టాప్ ముట్టుకోకూడదు, నోటితోనే చెప్పాలి. విసుక్కుంటుంది. రోజంతా పనిచేసి వచ్చిన పిల్ల, విసుక్కునే హక్కు తనకూ ఉంది. అందుకే రాత్రిపూట అప్పటికప్పుడు పిలవకుండా, ఆదివారం ఒక అరగంట ముందే అడిగి పెట్టుకోండి. ఆ అరగంటలో తేలనిది ఏదైనా ఉంటే కాగితం మీద రాసుకుని మరునాడు ఆ కుర్రాడినే అడగండి.